వంక దాటే పాట

జులై 8, మంగళవారం

జనవరిలో రిటైరైనప్పుడు వార్డులో నర్సు పిల్లలు శాలువాతో పాటు ఈ డైరీ ఇచ్చారు. ఆరు నెలలుగా బీరువాలో చీరల కింద ఉంది. ఇన్నేళ్లూ చార్టుల మీద జ్వరాలు, బీపీలు రాసిన చేతికి సొంత సంగతులు ఏం రాయాలో తోచలేదు. ఇవాళ తీశాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకాయన వచ్చాడు. అరవై ఐదు దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, చేతిలో నీలం రకం మామిడిపండ్ల సంచి. వాకిట్లో చెప్పులు విడిచి, నేను రమ్మనేదాకా అక్కడే నిలబడ్డాడు.

“ఫ్లారెన్స్ సిస్టరమ్మ ఇల్లు ఇదేనామ్మా?”

“నేనే. రండి.”

“నా పేరు మునిరాజు. కుప్పం. శాంతకుమారి నా పెండ్లాం.”

నర్సింగ్ స్కూల్లో మూడేళ్లు శాంతకుమారి మంచం నా మంచం పక్కన ఉండేది. ఆమె పెళ్లి చేసుకుని వెళ్లిపోయాక మేం మళ్లీ మాట్లాడుకోలేదు. ముప్పై ఏడేళ్లయింది.

ఫిబ్రవరిలో ఆమెకు పక్షవాతం వచ్చిందట. “కుడి చెయ్యి కొంచెం తిరుగుతాండాదమ్మా. నడుస్తాండాది. మనం చెప్పేదంతా అర్థమవుతాది. మాటే లేదు. ‘అదే, అదే’ అంటాది. అన్నం కావాలన్నా అదే, నీళ్లు కావాలన్నా అదే. తాను చెప్పాలనుకున్నది మాకు అర్థం కాకుంటే ఏడుస్తాది.”

తర్వాత ఫోను తీసి నా చెవి దగ్గర పెట్టాడు. ఆమె రోజూ పొద్దున కూనిరాగం తీస్తుందట. ఎప్పుడూ అదొక్కటే. అందులో మాటలు లేవు. మాట నేర్పించే డాక్టరమ్మ ఆ పాట ఏదో కనుక్కోమంది. మాటలతో పక్కన కూర్చుని పాడితే ఆమె కూడా కలపొచ్చునంది. మునిరాజు కుప్పమంతా అడిగాడు. ఆ పాట ఏ సినిమాలోదీ కాదన్నారు. చివరికి ఆమె పెట్టెలో మా ఇద్దరి ఫోటో, వెనకాల నా పేరు దొరికాయి. ఆస్పత్రిలో అడిగితే ఇల్లు చూపించారట.

“మీకేమన్నా తెలుసునామ్మా ఈ పాట?”

“తెలీదన్నా,” అన్నాను.

కాఫీ తాగి, ఫోన్ నంబరు రాసిచ్చి, పండ్లు బల్ల మీద పెట్టి వెళ్లాడు. నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ రాగం నిజంగానే వెంటనే తట్టలేదు.

జులై 9

తట్టింది. రెండో సెకనుకే తట్టింది.

నా డైరీలో నేనే దాచుకుంటే ఇక రాయడం ఎందుకు. అది ‘జొన్నచేని గాలి’లో రెండో పాట.

వంక దాటే వేళకీ వాన పట్టుకుంది
వాన తగ్గే వేళకీ నీ మాట పట్టుకుంది

ఎనభై ఏడులో శాంతీ నేనూ కలిసి కొన్న క్యాసెట్టు. ఎనిమిది పాటలు. మదనపల్లె బస్టాండు పక్కనున్న క్యాసెట్ల కొట్లో అట్టడుగున దుమ్ము పట్టి ఉంటే శాంతి పేరు చూసి పట్టుకుంది. ఒక ఆడగొంతు, ఒక మగగొంతు, ఒక డప్పు, ఒక వేణువు, అంతే. వాళ్లెవరో మాకు తెలియదు. కవరు మీద పేర్లు ఉండేవి గానీ, కవరు మొదటి నెలలోనే చిరిగిపోయింది. ఇద్దరూ మొగుడూపెళ్లాలని మేమే తీర్మానించుకున్నాం. ఆ ఐదో పాట పాడిన రోజు వాళ్లు పోట్లాడుకుని ఉంటారని కూడా శాంతి చెప్పేది. ఆ పాటలో ఆయన ఒక్కడే పాడతాడు.

నైట్ డ్యూటీ దిగి, స్నానం చేసి, మధ్యాహ్నం మంచాల మీద పడి వినేవాళ్లం. సినిమా పాటలైనా జానపదాలైనా వినబడితే టేప్‌రికార్డర్ తీసేసుకుంటానని మేట్రనమ్మ చెప్పింది. అందుకని దాన్ని రెండు తలగడల మధ్య పెట్టి, అటొక చెవీ ఇటొక చెవీ ఆనించి వినేవాళ్లం. ఆ టేప్‌రికార్డర్ శాంతి వాళ్లన్న వాడి పారేసింది. మూత ఉండేది కాదు.

అవి తలుచుకుంటే ఇప్పుడు కూడా ఒళ్లంతా చల్లగా ఉంది.

జులై 11

వంకాయ కూర మాడింది. నోట్లో ఆ పాటే.

జులై 13, ఆదివారం

చర్చిలో మూడో కీర్తన పాడుతూ పాడుతూ నేను వేరే రాగంలోకి వెళ్లిపోయాను. పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిచింది.

ఇంటికొచ్చాక మా ఆయన విల్సన్ అడిగాడు. నలభై ఏళ్లు పిల్లలకు డ్రిల్లు చేయించిన మనిషి. మనిషి నిలబడే తీరు చూసి సంగతి కనిపెడతాడు.

“వారం నుంచీ చూస్తాండా. ఏమయింది నీకు?”

చెప్పాను. మునిరాజు వచ్చింది చెప్పాను. పాట తెలిసీ తెలీదన్నది కూడా చెప్పాను.

“యాల అట్ల చెప్పినావు?”

“అది నా క్యాసెట్టు ఎత్తుకుపోయింది.”

విల్సన్ ఇటు తిరిగాడు. “ఎప్పుడు?”

“ఎనభై ఎనిమిదిలో.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “ఆయప్ప యాడో కుప్పం నుంచి, మాట లేని పెండ్లాన్ని ఇంట్లో పెట్టి, బస్సులు మారి వచ్చినాడు ఫ్లారెన్స్,” అని లేచి పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లాడు.

ఆయనకేం తెలుసు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు శాంతిని పెళ్లికని వాళ్లవాళ్లు వచ్చి పెట్టె సర్దుకుని తీసుకుపోయారు. నేను తిరిగొచ్చేసరికి ఆమె పరుపు చుట్టేసి ఉంది. నా మంచం మీద ‘జొన్నచేని గాలి’ డబ్బా ఉంది. తెరిస్తే ఖాళీ. ఖాళీ డబ్బా నాకు వదిలి, లోపలిది తీసుకుపోయింది. నేనొక ఉత్తరం రాశాను. అందులో ఏం రాశానో ఇక్కడ రాయను. ఆమె జవాబివ్వలేదు.

జులై 14

మా దగ్గర ఇంకా చాలా క్యాసెట్లుండేవి. జాబితా రాసిస్తే కొట్టాయన ఖాళీ టేపులో పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఒకదాన్నిండా వాన పాటలు. ఒకదాన్నిండా జోలపాటలు, అది శాంతి జాబితా, నైట్ డ్యూటీ తర్వాత నిద్రపట్టడానికి. ఒకదాంట్లో రెండు వైపులా ఒకే పాట పదకొండుసార్లు. అది నా వెర్రి. “నిజంగానేనామ్మా? అంతా ఇదేనా?” అని కొట్టాయన రెండుసార్లు అడిగాడు. శాంతి కొట్టు బయటికి పోయి నవ్వుకుంది.

ఆ పదకొండుసార్ల పాట ఇప్పుడు నాకు పల్లవి కూడా గుర్తు లేదు. చచ్చిపోయేంత ఇష్టం అనుకున్నవి పోయాయి. కొట్టువాడు కూడా మరిచిపోయిన ఆ ఎనిమిది పాటలు మాత్రం వరస తప్పకుండా ఉన్నాయి. ఇవాళ గిన్నెలు కడుగుతూ ఒకటి నుంచి ఎనిమిదిదాకా పాడాను. ఐదోది ఆయన గొంతులోనే పాడాను. సంతోషంగా ఉంది. సిగ్గుగా కూడా ఉంది.

జులై 16, బుధవారం

హాస్టల్ ఫోటో మునిరాజు దగ్గర ఉన్నట్టే నా దగ్గరా ఒకటి ఉండాలి కదా అని రేకుపెట్టె దించమన్నాను. విల్సన్ దించాడు. ఫోటో దొరికింది. ఇద్దరికీ రెండు జడలు, శాంతి కళ్లు మూసుకుంది.

ఫోటో కింద క్రిస్మస్ క్యారల్స్ క్యాసెట్టు. అమ్మ ఇచ్చింది. హాస్టల్‌లో చేరిన ఏడాది తర్వాత దాన్ని తెరిచిన గుర్తు లేదు. ఇవాళ తెరిచాను.

లోపల ‘జొన్నచేని గాలి’.

జులై 17

జవాబివ్వలేదని రాశాను. అది కూడా అబద్ధం.

మా అమ్మవాళ్లింటికి రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది చింపకుండానే నీళ్లపొయ్యిలో వేశాను. రెండోది వచ్చినప్పుడు పోస్టాయనతో ఇక్కడ అలాంటి వాళ్లు లేరని చెప్పి వెనక్కి పంపాను. ఆయన నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగును. కవరు తిరగేసి చూసి, సైకిలెక్కి వెళ్లాడు.

జులై 18, శుక్రవారం

మునిరాజుకు ఫోన్ చేశాను.

“అన్నా, నేను మదనపల్లె ఫ్లారెన్సును. ఆ పాట నాకు తెలుసు. ఆ పొద్దే తెలుసు.”

ఆయన వెనకాల రైలు కూత వినబడింది.

“టేపు కూడా నా దగ్గరే ఉండాది. నా పెట్టెలోనే ఉండాది ఇన్నాళ్లూ. అది తీసుకుపోయిందనుకుని నేను…”

“తెలుసమ్మా. అప్పుట్లో రెండు జాబులు రాసింది. నేనే పోస్టు డబ్బాలో వేసొచ్చినా. మేట్రనమ్మ గదులు వెతుకుతాదని తెలిసి, పాటల టేపును నీ ఏసు పాటల డబ్బాలో దాచినాను, నీకు చెప్పేలోగా మావాళ్లు బండెక్కించినారు అని రాసింది. రెండోది తిరిగొచ్చినాక ఇంక రాయలేదు.”

“మీరు ఆ పొద్దు నన్నేమీ అడగలేదే.”

“అడిగేదానికి కాదు కదమ్మా నేనొచ్చింది. పాట కోసరం వచ్చినా.” వెంటనే అడిగాడు, “ఎప్పుడొస్తారు?”

మంగళవారం అన్నాను.

విల్సన్‌కు చెప్పాను. “టిఫిన్ బాక్సు పెద్దది తీసుకుపో. కుప్పం దూరం,” అన్నాడు. ఈ మనిషిని చేసుకోవడం నేను జీవితంలో చేసిన కొద్ది తెలివైన పనుల్లో ఒకటి.

జులై 21, సోమవారం

క్యాసెట్టు పాడించే మిషన్ మదనపల్లెలో ఒక్క కొట్లోనూ లేదు. మా చర్చిలో ఒకావిడ పుంగనూరులో పాపయ్య అని పాత రేడియో మెకానిక్ ఉన్నాడని చెప్పింది. పొద్దున్నే బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. టమోటా ట్రేల లారీలు ఎదురొస్తూనే ఉన్నాయి.

పాపయ్య కొట్టు సందులో ఉంది. పాల క్యాన్లు అమ్మే దుకాణానికీ టైలరుకూ మధ్య ఒక తలుపు వెడల్పు. ఆయనకు ఎనభై ఉంటాయి. క్యాసెట్టును వెలుతురుకు ఎత్తి చూశాడు.

“లోపల స్పాంజి రాలిపోయుండాది. రీలు బాగుండాదమ్మా. ఎవరో బాగా దాచిపెట్టినారు.”

నేను అవునన్నాను.

పాత డబ్బా స్క్రూలు ఊడదీసి, రీలును వేరే డబ్బాలోకి మార్చాడు. ముప్పావు గంట పట్టింది. తర్వాత తన మిషన్‌లో పెట్టి నొక్కాడు.

పాట వచ్చింది. మొదటి పాట. నాకు ఏడుపు రావాలి. రాలేదు.

“ఏమప్పా, ఇంత వేగంగా పోతాండాది?”

“వేగం యాడుండాది? సరిగ్గానే ఉండాది.”

“కాదు. ఆయమ్మ గొంతు ఇట్ల సన్నంగా ఉండదు. పాట నిదానంగా ఉంటాది.”

పాపయ్య నవ్వాడు. నోట్లో నాలుగు పళ్లున్నాయి. “అప్పుట్లో దేంట్లో విన్నారు మీరు? మూత లేని పాతదాంట్లోనా? బెల్టు సాగిపోయింటాది. సెల్లులు దిగిపోయింటాయి. మీరు విన్నది పాట కాదమ్మా, అలిసిపోయిన మిషన్‌ను విన్నారు.”

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏడేళ్లు నేను తప్పు పాటను ప్రేమించానని ఈయన చెప్పేదేంటి? నీ మిషనే తప్పు అన్నాను. ఆయన ఏమీ అనుకోకుండా ఆ మిషన్‌నే ఒక గుడ్డసంచిలో పెట్టి ఇచ్చాడు. “పని అయినాక తెచ్చియ్యండి. నాకు దీంతో పనేముండాది,” అన్నాడు.

జులై 22, మంగళవారం. కుప్పం

పలమనేరు, వి.కోట మీదుగా వచ్చేసరికి పన్నెండు దాటింది. బస్టాండుకు మునిరాజు కూతురు వెన్నెల స్కూటీ మీద వచ్చింది. మునిరాజు గ్రానైటు పాలిషింగ్ యూనిట్ ఇప్పుడు ఆ అమ్మాయే చూసుకుంటోంది. చెవుల దగ్గర వెంట్రుకల్లో తెల్లటి రాతిపొడి.

“ఆంటీ, అమ్మ పొద్దున్నుంచీ వాకిట్లోనే కూర్చోనుండాది. మేమేమీ చెప్పలేదు. నాన్న మూడుసార్లు చొక్కా మార్చేసరికి కనిపెట్టేసింది.”

ఇల్లు రైల్వే స్టేషను వెనకాల. శాంతి వరండాలో కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో శెనక్కాయలు వొలుస్తోంది. జుట్టంతా నెరిసింది. లావైంది. నన్ను చూసి శెనక్కాయ కింద పడేసింది.

“అదే,” అంది. “అదే. అదే. అదే!”

నేను ఎన్నో పక్షవాతాలు చూశాను. పల్సు పట్టుకోవాలో, ఆమెను పట్టుకోవాలో తెలియలేదు. పల్సే పట్టుకున్నాను. ఆమె నవ్వి చేయి లాక్కుని నా చెంప మీద పెట్టింది.

అన్నాలయ్యాక టేపు పెట్టాను. రెండో పాటకు తెచ్చి ఆపాను. మునిరాజు, వెన్నెల గోడకు ఆనుకుని కూర్చున్నారు. శాంతి ముందుకు వంగింది. నొక్కాను.

మొదటి లైను అయ్యేసరికి ఆమె మొహం ముడుచుకుంది. రెండో లైనుకు తల అడ్డంగా ఊపింది. నేను ఇంకా ఆశగా చూస్తున్నాను. చరణం మొదలయ్యేసరికి ఎడమ చేత్తో మిషన్‌ను తోసేసింది. “అదే… అదే…” అంటూ ఏడ్చింది. ఇది అది కాదు అని చెబుతోంది. చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది అదొక్క మాటే.

మునిరాజు గబుక్కున లేచి మిషన్ ఆపేశాడు. “పోనీలేమ్మా. మీరేం చేస్తారు,” అన్నాడు నాతో. ఆయన గొంతులో ఏమీ మిగల్లేదు. ఐదు నెలల తర్వాత దొరికిన ఒక్క దారి అది.

పాపయ్య చెప్పింది అప్పుడు అర్థమైంది. మేం విన్న పాట ఈ టేపులో లేదు. ఆ మూత లేని టేప్‌రికార్డర్‌తోనే పోయింది. ఇక ఉంటే మా ఇద్దరి దగ్గరే ఉండాలి.

నేను కుర్చీ జరుపుకుని ఆమె పక్కన కూర్చున్నాను. మధ్యలో తలగడలు లేవు, అంతే. నిదానంగా ఎత్తుకున్నాను. ఎంత నిదానంగా అంటే, మనిషి నిజంగా వంకలో మోకాలిలోతు నీళ్లలో నడుస్తున్నంత నిదానంగా.

వంక… దాటే… వేళకీ…

శాంతి ఏడుపు ఆపింది. కళ్లు మూసుకుంది. రెండోసారి పాడినప్పుడు రాగం కలిపింది. మూడోసారి నేను ‘వాన’ దగ్గర ఊపిరి చాలక ఆగాను.

“వాన,” అంది శాంతి. రాగంలోనే. “వాన… పట్టు… కుంది.”

వెన్నెల రెండు చేతులతో నోరు మూసుకుంది. మునిరాజు లేచి పెరట్లోకి వెళ్లి నీళ్లతొట్టి వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఆపలేదు. ఆపితే పోతుందేమోనని భయం. తొమ్మిదిసార్లు పాడాం. చివరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయి, ఇద్దరం దగ్గుతూ నవ్వాం.

జులై 23

ఇవాళ మూడో పాట కూడా. ఎనిమిది మాటలు వచ్చాయి. రాసుకున్నాను: వాన, వంక, మాట, వేళ, గాలి, జొన్న, పొద్దు, రా. వీటిలో పాట బయట ఒక్కటీ అనడం లేదు. ఫరవాలేదు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. చిన్నపిల్ల, వెన్నెల వయసు. రోజూ వాడే మాటల్ని కూడా ఆ రాగంలోనే పెట్టి పాడించమంది. సరే అన్నాను. చార్టు గీశాను. చాలా రోజుల తర్వాత చార్టు గీస్తే చేతికి హాయిగా ఉంది.

జులై 24, గురువారం

పొద్దున ఆమెకు తలదువ్వుతూ చెప్పాను. వెనకనుంచి చెప్పడమే తేలిక.

ఉత్తరం కాల్చానని చెప్పాను. రెండోది తిప్పి పంపానని చెప్పాను. టేపు నా పెట్టెలోనే ఉన్నా నువ్వు దొంగవని హాస్టల్లో అందరికీ చెప్పుకున్నానని చెప్పాను. మీ ఆయన వచ్చి అడిగితే తెలీదన్నానని కూడా చెప్పాను. అంతా అయ్యాక ఇంకొకటి వచ్చింది. అది నేను చెప్పాలనుకోలేదు. నాకే తెలియదు.

“టేపు కోసం కాదు శాంతీ. ఇద్దరం ఒకే ఆస్పత్రిలో చేరదామనుకున్నాం కదా. నువ్వు ఒక్క మాట చెప్పకుండా పోయినావు. టేపు పోయిందని ఏడిస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. నువ్వు పోయినావని ఏడిస్తే నవ్వుతారు. అందుకే టేపు అన్నాను.”

దువ్వెన పట్టుకుని నిలబడిపోయాను. ఆమె కుర్చీలో మెల్లగా ఇటు తిరిగింది. దగ్గరికి వంగమని చేత్తో సైగ చేసింది. వంగాను. నెత్తిన ఠంగుమని ఒక మొట్టికాయ వేసింది. ఎడమ చెయ్యి బాగా పనిచేస్తోంది.

తర్వాత ఆ రాగంలోనే, తల ఊపుతూ, “తెలు… సూ,” అని పాడింది. “తెలు… సూ… ఫ్లారీ.”

మునిరాజు కాఫీ గ్లాసులతో వచ్చి, ఇద్దరం ఎందుకు ఏడుస్తున్నామో అడగకుండా గ్లాసులు పెట్టి వెళ్లిపోయాడు.

జులై 26

కాఫీలో చక్కెర తగ్గితే పాడుతోంది. ఫ్యాను తగ్గించమని పాడుతోంది. పొద్దున మునిరాజును పేరు పెట్టి పాడింది, ఆయన సిగ్గుపడి బజారుకు పోయాడు. టమోటాలు తెమ్మంటే దోసకాయలు తెచ్చాడు.

జులై 28

ఐదో పాట నేను ఆయన గొంతులో పాడితే శాంతి కుర్చీలోంచి పడబోయింది నవ్వి నవ్వి. వెన్నెల పని మానుకుని వచ్చి వింటోంది. “ఆ కాలంలో మీరిద్దరూ ఇట్లనే ఉండేవారా ఆంటీ?” అంది. ఇంకా ఘోరంగా ఉండేవాళ్లమని చెప్పాను.

నిన్న సాయంత్రం వెన్నెల ఆ టేపును మళ్లీ పెట్టింది. ఈసారి శాంతి తోసెయ్యలేదు. ఎవరో పక్కింటివాళ్ల పెళ్లిలో పాటలు విన్నట్టు మర్యాదగా వింది. నాకూ అంతే. ఆ పాడిన వాళ్లు బాగానే పాడారు, పాపం. వాళ్ల పాట వాళ్లది.

జులై 31, గురువారం. మదనపల్లె

తిరిగొచ్చాను. దారిలో పుంగనూరులో దిగి పాపయ్యకు మిషన్ ఇచ్చాను. మీరు చెప్పిందే నిజం అన్నాను. “అయినా నిదానంగా ఉన్న పాటే బాగుండాది లేప్పా,” అన్నాను. “మీకు బాగుంటే సరి,” అని మళ్లీ ఏదో రేడియోలో తల దూర్చాడు.

సోమవారం మళ్లీ వస్తానని శాంతికి చెప్పి వచ్చాను. వారానికి నాలుగు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ. విల్సన్ ఒప్పుకున్నాడు. “రిటైరైనాక నువ్వు ఇల్లంతా చార్టులు గీస్తావని భయపడినా. ఆడ గీసుకో,” అన్నాడు.

ఆగస్టు 3

విల్సన్‌కు జ్వరం. నూట రెండు.

ఆగస్టు 4, సోమవారం

నూట ఒకటి. పోలేదు. వెన్నెలకు ఫోన్ చేసి చెప్పాను.

ఆగస్టు 5, మంగళవారం

విల్సన్‌కు పొద్దున జ్వరం దిగింది. గంజి తాగి, ఉప్పు తక్కువైందని గొణిగాడు. అంటే బాగున్నట్టే.

పదకొండు గంటలకు మునిరాజు నంబరు నుంచి ఫోను. “అన్నా, ఈయనకు తగ్గింది,” అని మొదలుపెట్టాను. అటువైపు మాట లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. శాంతి రాగం ఎత్తుకుంటుందేమోనని ఆగాను.

రాగం రాలేదు.

“ఫ్లారీ.” మామూలుగా, మనం పిలిచినట్టే. వెనకాల మునిరాజు “చెప్పు, చెప్పు” అంటున్నాడు, ఆమె ఆయన్ని ఉష్షుమంది. “యాల… రాలేదు?”

వస్తానన్నదాన్ని నిన్న ఎందుకు రాలేదని అడుగుతోంది. నిన్నటి సంగతే అడుగుతోంది. అయినా నాకు వెనక్కి పంపిన ఆ ఉత్తరం గుర్తొచ్చింది. విల్సన్ మంచం మీదనుంచి తల ఎత్తి, “చెప్పవే, కాచుకోనుండాది ఆయమ్మ,” అన్నాడు.

“వస్తాండానే,” అన్నాను. “రేపు పొద్దున ఆరున్నర బస్సుకు.”